మృదుభాషిణి మస్తానమ్మ

చచ్చిపోయినవాళ్లలో చెడ్డవాళ్లు ఉండరు!

ఇదేదో వేదాంతి చెప్పిన మాట అనుకునేరు! కాదు. ఉప్పుమిట్టపాళెం స్వర్గీయుల సంస్మరణ సమితి, అధ్యక్షులు నరేంద్రబాబు గారి మేడ వరండాలో, సభ్యులందరూ టీ తాగుతుండగా ఆమోదించిన తీర్మానం. ఆ క్షణం నుంచే అమల్లోకి వచ్చింది. ఫలితాలు కూడా వెంటనే కనిపించాయి. పోయిన వేసవిలో కన్నుమూసేదాకా మందు వాసన లేకుండా ఒక్క పూట కూడా కనిపించని హజరత్తయ్య, "మితాహారి, మితభాషి, నిరాడంబరుడు" అయిపోయాడు. రాత్రి కరెంటు పోయిందని ఫోన్ చేస్తే తెల్లారి ఎండెక్కాక వచ్చే లైన్‌మన్ జకరయ్య, "విధి నిర్వహణలో తనను తాను మరిచిన మహనీయుడు" అయ్యాడు. జకరయ్య తనను ఏనాడూ మరిచిపోలేదని, మరిచిపోయిందల్లా విధినేనని ఊరందరికీ తెలుసు. అయినా తీర్మానం తీర్మానమే!

నరేంద్రబాబుకు చచ్చిపోయినవాళ్ల మీద ఉన్నట్టుండి అంత ప్రేమ ఎందుకు పుట్టిందంటే, బతికున్నవాళ్లకు ఓట్లుంటాయి గనక. పంచాయతీ ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. ఆయనకు ఊళ్లో వరి పొలముంది, రొయ్యల గుంటలున్నాయి, తాళం వేసిన మేడ ఉంది. కాపురం మాత్రం సూళ్లూరుపేటలో. ఇప్పుడు ఆ మేడ తాళం తీసి, సర్పంచి కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఆయన కోరిక. ఆ కోరికతో ఊరి పెద్ద పెంచలయ్య దగ్గరికి వెళ్లాడు.

"అబ్బయా, నీకు అన్నీ ఉండాయి," అన్నాడు పెంచలయ్య. "నువ్వు మా ఊరోడివని జనానికి అనిపించాల, అంతే. అనిపిస్తే పోటీ లేకుండా ఏకగ్రీవం చేపించే పూచీ నాది."

అలా పుట్టింది సంస్మరణ సభ. ఈ ఏడాది ఊళ్లో పోయినవాళ్లందరికీ కలిపి ఒకే షామియానా, ఒకే మైకు, ఒకే ఉపన్యాసం. సభ చివర్లో పెంచలయ్య లేచి ఏకగ్రీవం మాట ప్రకటించాలి. అదీ ఒప్పందం.

తుఫాను షెల్టరు ముందు "కన్నీటి నివాళి" అంటూ పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నరేంద్రబాబు రెండు చేతులూ జోడించి నిలువెత్తున నవ్వుతున్నాడు. పోయినవాళ్లు ఆయన చెప్పుల దగ్గర పోస్టు స్టాంపుల్లా ఉన్నారు. చిట్టమూరు నుంచి వచ్చిన ఆటో డ్రైవరొకడు దాన్ని చూసి, "అయ్యో పాపం, ఈయనెప్పుడు పోయినాడు?" అని చెప్పులు విడిచి దండం పెట్టుకుని మరీ వెళ్లాడు.

సభ రోజు పొద్దున రిటైర్డు హెడ్మాస్టరు సంజీవరావు ఉపన్యాసం రాసిన కాగితాలతో మేడకు వచ్చాడు. మనిషి మొహంలో కళ లేదు.

"అందరికీ కుదిరింది సార్. మస్తానమ్మ దగ్గరే కలం సాగలేదు."

కలం సాగకపోవడంలో ఆయన తప్పేమీ లేదు. మస్తానమ్మది బస్టాపు దగ్గర కారం దోశల బండి. ఎర్రకారం పూసిన దోశ ప్లేట్లో పడేలోపే తిట్టు చెవిలో పడేది. రెండూ పొగలు కక్కుతూనే ఉండేవి. పెద్దా చిన్నా, కులం మతం, పార్టీ గీర్టీ ఏ తేడా లేకుండా అందరినీ సమానంగా తిట్టేది. పోయిన నెలలో, పప్పుల చట్నీలో ఉప్పెక్కువ వేసినందుకు కూతురు రేవతిని తిడుతూ, ఆ తిట్టు సగంలో ఉండగానే పెనం పక్కన కూలబడి ప్రాణం వదిలింది. ఆ మిగతా సగం ఏమిటో తెలియలేదని రేవతి ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటుంది.

"తిట్టేదని రాయలేం సార్. తిట్టేది కాదనీ రాయలేం," అన్నాడు సంజీవరావు.

"తీర్మానం ఉంది కదా మాస్టారూ! మృదుభాషిణి అని రాసేయండి."

"జనం నవ్వుతారేమోనని..."

"సంతాప సభలో ఎవడండీ నవ్వేది? మైకు మనది, కుర్చీలు మనవి, టీలు మనవి!"

సంజీవరావు దేవుడి మీద భారం వేసి రాసేశాడు.

సాయంత్రం షామియానా నిండిపోయింది. పాస్టర్ సమాధానం గారు జకరయ్య కోసం ప్రార్థన చేశారు. తర్వాత నరేంద్రబాబు మైకు అందుకున్నాడు. హజరత్తయ్యను "మితాహారి" అనగానే, ఏడవడానికి కొంగు సిద్ధంగా పట్టుకుని ముందు వరసలో కూర్చున్న హజరత్తయ్య పెళ్లాం, ఎవరి గురించి చెబుతున్నారోనని వెనక్కి తిరిగి చూసింది. అయినా ఎవరూ నవ్వలేదు. మర్యాద తెలిసిన ఊరు! నరేంద్రబాబుకు ధైర్యం వచ్చింది. గొంతు పెంచి మస్తానమ్మ దగ్గరికొచ్చాడు.

"ఇక శ్రీమతి మస్తానమ్మ గారు! ఆమె మృదుభాషిణి! శాంతమూర్తి! తన జీవితకాలంలో ఏ ఒక్కరినీ పల్లెత్తు మాట అని ఎరగని సాధ్వి!"

షామియానా కింద తలలన్నీ ఒక్కసారిగా ఫ్లెక్సీ మీది మస్తానమ్మ ఫోటో వైపు తిరిగాయి.

ముందు వరసలో రేవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారు. కాదు, నవ్వు ఆపుకుంటోంది. ఆగలేదు. ఆ నవ్వు పక్క కుర్చీకి పాకింది, అక్కణ్నుంచి వెనక వరసకు దూకింది. పాస్టర్ గారికి ఎక్కడలేని దగ్గు వచ్చింది. చివరికి షామియానా గుంజలు కూడా ఊగాయి.

పెంచలయ్య లేచి నిలబడ్డాడు. "ఏందబ్బయా, ఎవురి గురించి చెప్తుండావు? ఫోటో ఏమన్నా మారిందేమో చూడు. మస్తానమ్మ పల్లెత్తు మాట అనలేదా? నేనోసారి ఇంట్లో అలిగి, పొద్దన్నే పొయ్యి బండి కాడ కూసున్నా. ఏమనిందో తెల్సా? 'ఒరే పెంచలా, ఇంట్లో దాన్ని ఏడిపించొచ్చి ఈడ దోశలు మింగతావా? నీ మీసాల్లో మన్ను బొయ్య! పొయ్యి దాన్ని గూడా తోడుకోనిరా. అప్పటిదాకా దోశ గాదు గదా, పెనం గూడా చూడనియ్యను' అనింది. ఏం జేస్తా? తోడుకోనొచ్చినా. ఇద్దరం కూసోని తిన్నాం."

చప్పట్లు! సంతాప సభలో చప్పట్లు!

పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "ప్రసంగం విషయంలో నాకు కూడా ఆమె నుంచి ఒక సలహా అందింది."

"ఏమని అయ్యగారూ?"

"'ఇంతసేపు చెప్తే దేవుడు గూడా లేచి టీకి పోతాడు సామీ. పక్కింట్లో బాలింత ఉండాది, ఆ మైకు కట్టెయ్' అన్నది. ఆ ఆదివారమే కట్టేశాను. దేవునికి స్తోత్రం, అప్పట్నుంచి సంఘంలో జనం పెరిగారు."

తను రాసిన "మృదుభాషిణి" సంగతే మరిచిపోయి, సంజీవరావు మాస్టారు ఛాతీ విరుచుకుని లేచాడు. "నన్నేమందో వినండి! 'బళ్లో పిల్లోళ్ల మీదికి లేచే చెయ్యి, తిన్న ప్లేటు తీసేదానికి లేవదేం? చెయ్యా అది, చెదలు పట్టిన తెడ్డా?' అంది!" ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో ఎంత వెలుగంటే, ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పిన రోజున కూడా అంత వెలుగు లేదు.

ఇక ఆపేవాళ్లు లేరు. కెజియాకూ ఆమె వదిన అబిగయీలుకూ మధ్య పెద్ద రగడే మొదలైంది.

"'కదలవేమే, ఎండలో పొణుకున్న బర్రెగొడ్డా' అని ఆ పొద్దు తిట్టింది నిన్ను గాదు వదినా, నీ ఎనకాలున్న నన్ను!"

"నీ మొహం! నా కళ్లల్లోకి చూసి తిట్టింది. ఆ తిట్టు నాది!"

వాళ్లిద్దరినీ విడదీసి కూర్చోబెట్టేసరికి హజరత్తయ్య పెళ్లాం లేచింది. "మా ఆయన తాగుబోతు," అంది మైకు అక్కర్లేనంత గట్టిగా. "తాగొచ్చి అరుగు మీద కూసోని పాటలు పాడేవోడు. ఇందాక ఈ బాబు చెప్పిన మడిసెవురో నాకు తెలవదు, నాకు ఏడుపు రాలా. ఇప్పుడు మా వోడు గుర్తొచ్చినాడు." అని చెప్పి, కుర్చీలో కూలబడి భోరున ఏడ్చింది. నవ్వుతున్న ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరి తామూ ఏడ్చారు. ఆ ఏడాది పోయినవాళ్ల కోసం ఆ ఊరు నిజంగా ఏడ్చింది అప్పుడే.

నరేంద్రబాబు మైకు పట్టుకుని, కాగితాల్లో తర్వాతి పేరు వెతుక్కుంటున్నాడు. కానీ రాజకీయంలోకి దిగిన మనిషి గాలి ఎటు వీస్తోందో పసిగట్టలేకపోతే ఎలా? ఈ ఊళ్లో మనిషినని చెప్పుకోవడానికి ఆధార్ కార్డు చాలదు, మస్తానమ్మ తిట్టు కూడా ఉండాలని ఆయనకు అర్థమైపోయింది. చేతిలో కాగితాలు మడిచి జేబులో కుక్కాడు.

"మిత్రులారా! నన్ను కూడా తిట్టింది!"

ఈలలు పడ్డాయి. పెంచలయ్య మొహం విప్పారింది. "అట్టా చెప్పు! ఏమని తిట్టింది?"

ఏమని? నరేంద్రబాబు గబగబా జ్ఞాపకాలు తిరగేశాడు. బండి ముందు కారు ఆపినప్పుడల్లా "బాబుగారూ" అనే పిలిచేది. పార్సిల్‌లో రెండు చట్నీలూ వేసి, కారు దగ్గరికి తెచ్చిచ్చి, కొంగు నిండుగా కప్పుకుని నిలబడేది. ఒక్క తిట్టు! ఒక్కటంటే ఒక్క తిట్టు గుర్తుకొస్తే సర్పంచి అయిపోవచ్చు. రాదే! వచ్చే దారి లేక కల్పించాడు.

"'బాబూ! నువ్వు జనం కోసం రాత్రింబవళ్లు కష్టపడి ఆరోగ్యం పాడుచేసుకుంటున్నావు! నీకేమైనా అయితే ఈ ఊరు ఏమైపోవాలి?' అని... చాలా కఠినంగా మందలించింది!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది తిట్టా?" అన్నాడు పెంచలయ్య. "దండేసినట్టుందే!"

"ఇంకోటి ఉంది! 'ఓరీ మూర్ఖుడా!' అంది!"

"మూర్ఖుడా?" కెజియా బుగ్గలు నొక్కుకుంది. "టీవీలో రాజుల సీరియల్ లో మాట అది. మస్తానక్క నోట్లో ఆ మాట తిరగనే తిరగదు."

"కాదు, పాపం, తొందరపెట్టబాకండి. బాగా గుర్తు తెచ్చుకోనీండి," అన్నాడు వెనక నుంచి ఒకాయన జాలిగా. ఆ జాలి నరేంద్రబాబుకు చెంపదెబ్బలా తగిలింది.

అప్పుడు రేవతి లేచింది. నవ్వీ నవ్వీ, ఏడ్చీ ఏడ్చీ ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మాయమ్మ ఈయన్ని తిట్టలా. నేనే అడిగినా ఒకసారి. 'ఏమ్మా, ఊరందర్నీ కడిగి పారేస్తావే, ఆ బాబు కారు తెచ్చి బండికి అడ్డం పెట్టినా ఒక్క మాట అనవేం?' అంటే, 'పోయే కారుని తిట్టేదేందే? ఎవురైనా మనోళ్లని తిట్టుకుంటారు గానీ' అనింది."

సభ ముగిసింది. ఏకగ్రీవం మాట ఎత్తకుండానే పెంచలయ్య కండువా దులుపుకుని లేచాడు. నరేంద్రబాబు పరుగున వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దాయనా, మరి మన మాట?"

"నాదేముందబ్బయా? బండి ఇప్పుడు రేవతి నడుపుతుండాది. తల్లి పెనం, తల్లి నోరు, రెండూ ఆ బిడ్డకే వచ్చినాయి. ఆడికి పొయ్యి ఒక్క తిట్టు తెచ్చుకో. నా కళ్లారా చూస్తా. ఆ పూటే ఏకగ్రీవం."

ఒక్క తిట్టు! లక్షలు పోసి కొనుక్కునే పదవి ఒక తిట్టుకు వస్తోంది! మర్నాడు పొద్దున్నే నరేంద్రబాబు బండి దగ్గర వాలిపోయాడు. కారును బస్సు కూడా తిరగకుండా అడ్డంగా పెట్టాడు. రేవతి చూసింది. "పరవాలేదు బాబుగారూ, నీడలో ఉంది, ఉండనీండి," అంది.

వరసలో ఉన్నవాళ్లను తోసుకుని ముందుకొచ్చాడు. రేవతి స్టూలు తుడిచి వేసింది. దోశ మాడిందన్నాడు. నిగనిగలాడే ఇంకో దోశ వచ్చింది. చట్నీలో ఉప్పు లేదన్నాడు. ఉప్పు గిన్నె పక్కన పెట్టి, "మీకు కావలసినంత వేసుకోండి," అంది. తిన్న ప్లేటు తీయకుండా పెంచలయ్య ముందే నేల మీద పడేశాడు. "మీకెందుకు బాబుగారూ శ్రమ," అంటూ వంగి తీసుకుంది.

ఇంతలో పక్కన తింటున్న పెంచలయ్య, మాటల్లో పడి చట్నీ గిన్నెలో వేలు పెట్టాడు.

"ఏయ్ పెద్దాయనా!" రేవతి గొంతు బస్టాపు దాకా మోగింది. "కళ్లు యాడ పెట్టుకోనుండావు? గొడ్లు తోలిన చెయ్యి తెచ్చి గిన్నెలో ముంచతావా? తియ్! తియ్యకపోతే అట్లకాడతో వాత పెడతా! ముసిలోడివైనా గానీ నీకు బుద్ధి మాత్రం ఇంకా గోచీ కట్టుకోనే తిరగతా ఉండాది!"

పెంచలయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అచ్చం మస్తానమ్మే," అన్నాడు పక్కవాళ్లతో, వేలు నాక్కుంటూ.

నరేంద్రబాబుకు దారి దొరికింది. చొక్కా చెయ్యి పైకి లాగి, అదే గిన్నెలో మణికట్టు దాకా ముంచాడు.

రేవతి గిన్నె వైపు చూసింది. ఆయన వైపు చూసింది. ఆమె పెదవి కదిలింది. నరేంద్రబాబు ఆశగా చెవి ముందుకు పెట్టాడు.

"అయ్యో, చేతికంతా అంటుకుందే బాబుగారూ! ఇట్లా రండి, నీళ్లు పోస్తాను, కడుక్కోండి," అంది రేవతి, కొంగు నిండుగా కప్పుకుంటూ.

చెంబుతో నీళ్లు పోసింది. నరేంద్రబాబు చెయ్యి కడుక్కున్నాడు. పెంచలయ్య మెల్లగా లేచి, కండువా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని చూసి వరసలో వాళ్లు కూడా, సంతాప సభలో మాదిరి, చేతులు కట్టుకుని తలలు దించుకున్నారు.

"మంచి మనిషి," అన్నాడు పెంచలయ్య చివరికి. "ఎవురి చేతా పల్లెత్తు మాట పడలా."