పాట గురించి నాలుగు కట్టల ఉపన్యాసం

చేట ఒళ్లో ఉంది. తునికాకు మీద కొలతకు రేకు ముక్క పెట్టి, దాని చుట్టూ కత్తెరతో బీడీకి సరిపడా కత్తిరిస్తున్నాను. చేతులు తమ పని తాము చేసుకుంటున్నాయి కనుక బుర్ర ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో తేలిన సత్యం ఇది: బీడీలు చుట్టుకునే ఆడదానికి ఈ భూమ్మీద సాహిత్య సభను మించిన చోటు లేదు!

నవ్వకండి. ఇది మూడేళ్ల పరిశోధన.

ఇంట్లో కూర్చుని చుడితే ఏమవుతుంది? పాలు పొంగుతాయి. బర్రె తాడు తెంపుకుంటుంది. పక్కింటావిడ చాయ్‌పత్తా కోసం వచ్చి గంట కూర్చుంటుంది. మరి సభలో? మైకు ముందు ఒకాయన, ఆయన వెనక కుర్చీల్లో పదకొండు మంది. మనల్ని పలకరించే దిక్కే ఉండదు. కునుకు పడితే చప్పట్లు లేపుతాయి. ఇంత సౌకర్యమైన కార్ఖానా ఇంకెక్కడైనా ఉందా?

మా ఆర్మూర్‌లో ఏటేటా, పసుపు మార్కెట్టుకు వచ్చే రోజుల్లోనే, రోడ్డు పక్కన షామియానా వేసి సాహిత్య ఉత్సవం జరుపుతారు. వెనక జంపఖానా మీద మేం ఆడవాళ్లం చేటలతో కూర్చుంటాం. మొదటి ఏడాది కార్యకర్తలు కాస్త ముఖం చిట్లించారు. మేము లేచిపోతే ఫోటోలో జనం సగమవుతారని తెలిశాక మంచినీళ్లు కూడా ఇచ్చారు.

వాచీ లేనివాళ్లకు నా లెక్క పనికొస్తుంది. కట్ట అంటే ఇరవై ఐదు బీడీలు, నా చేతికి పావుగంట. స్వాగతోపన్యాసం ఒక కట్ట. దీపం వెలిగించడం, అది గాలికి ఆరిపోవడం, మళ్లీ వెలిగించడం, అంతా కలిపి అర కట్ట. ముఖ్య అతిథి "రెండే రెండు మాటలు" అన్నాడా, మూడు కట్టలు ఖాయం. "చివరగా" అన్నాడంటే ఇంకో కట్ట. "సమయాభావం వల్ల క్లుప్తంగా" అన్నాడంటే మాత్రం కొత్త దారపు ఉండ విప్పుకోవాల్సిందే!

ఇంతకీ నేను ఆ సభకు ఎందుకు వెళ్తున్నానని కదా మీ అనుమానం? మా మేనత్త లసుమవ్వ వెంట వెళ్తున్నాను. ఆమె అక్కడ ఆహ్వానిత కవయిత్రి. కరపత్రంలో అలాగే అచ్చు వేశారు. ఆమెకు చదువు రాదు కనుక నేనే చదివి వినిపించాను.

మా వైపు ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములను ఇనుప డ్రమ్ములో పోసి, ఇద్దరు ఇటు, ఇద్దరు అటు పిడి పట్టుకుని తిప్పుతారు. పొట్టు రాలి కొమ్ము మెరుస్తుంది. తిప్పే చేతులకు అలుపు తెలియకుండా అత్తమ్మ ఒక పాట కట్టింది. నలభై చరణాలు. తర్వాత డ్రమ్ముకు కరెంటు మోటారు వచ్చింది. ఆ చప్పుడులో ఎవరు పాడతారు, ఎవరు వింటారు? పాటకు పని పోయింది. కరెంటు పోయిన పూట తప్ప డ్రమ్ము మీద ఎవరూ చెయ్యి వెయ్యడం లేదు. ఇప్పుడా నలభై చరణాలూ వచ్చింది అత్తమ్మ ఒక్కతెకే. నాలాగే బీడీలు చుట్టీ చుట్టీ, పొగాకు దుమ్ముకు ఆమె ఊపిరి ఏడాదికేడాది తగ్గుతోంది.

"చెప్పు అత్తమ్మా, రాసుకుంట" అన్నాను ఒకసారి.

"కూసోని చెప్తే రాదు బిడ్డా. డ్రమ్ము తిప్పుకుంటనన్న పాడాలె, మంది ముంగటనన్న పాడాలె. నేను పోకముందు నలుగురి చెవుల పడితే సాలు."

ఆ నలుగురి కోసమే సభకు ఒప్పుకుంది.

మొదటి ఏడు ఆమె వంతు వందన సమర్పణకు ముందు పెట్టారు. వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. మైకు సెట్టు ఖుద్దూస్ భాయ్ బ్యాటరీ తెస్తానని పరుగెత్తాడు.

"మైకెందుకు సారూ? నా గొంతు రెండు చేన్లు దాటుతది" అంది అత్తమ్మ.

మైకు లేని సాహిత్యం ఎక్కడైనా చెల్లుతుందా? శాలువా కప్పి పంపించారు.

రెండో ఏడు, ఆమె నోరు తెరవబోతుంటే హైదరాబాద్ అతిథికి బస్సు టైమయింది. వేదికంతా లేచి ఆయన్ను బస్సెక్కించడానికి వెళ్లింది. పోతూ పోతూ అత్తమ్మకు శాలువా కప్పారు.

మూడో ఏడు పట్టపగలే పిలిచారు. అత్తమ్మ మైకు ముందు నిలబడి కొంగు సర్దుకుంది. అంతలో కార్యదర్శి దేవిదాస్ సారు పాటను పరిచయం చేస్తానని మైకు అందుకున్నాడు. పాటకున్న వేర్లు చెప్పాడు. వేర్లకున్న మట్టి చెప్పాడు. శ్రమ చెప్పాడు, సౌందర్యం చెప్పాడు. నాలుగు కట్టలు! నేను స్వయంగా లెక్కపెట్టాను. చివరికి, "ఇంత గొప్ప పాటను సమయాభావం వల్ల మనం మనసులోనే విందాం" అన్నాడు. ఒకటే చప్పట్లు! ముందు వరసలో ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. మళ్లీ శాలువా.

ఇందులో ఎంత మేలు ఉందో గమనించారా? పాడితే శ్రుతి తప్పవచ్చు, చరణం మరిచిపోవచ్చు. పాడని పాటలో తప్పు పట్టిన పండితుడు ఇంతవరకు పుట్టలేదు!

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ ఒళ్లో శాలువా మడత పెట్టుకుంటూ అంది: "సారు మంచిగనే చెప్పిండు బిడ్డా. మరి పాటెప్పుడు పాడాలె?"

నేను చేటలోని కట్టలు లెక్కపెట్టుకున్నాను. ఆ రోజు నేను ఏడు వందల బీడీలు చుట్టాను. నా చేతికి అదే రికార్డు. "ఆమెను పాడనివ్వండి" అని వెనక నుంచి ఒక్క కేక వేయవచ్చు. వేయలేదు. చేతిలో కట్ట సగంలో ఉంది మరి.

మూడు శాలువాలూ ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. అత్తమ్మ వాటిని పండక్కి కూడా తీయదు.

ఇదంతా తలపోస్తూ ఆకు కత్తిరిస్తుంటే, ఇదిగో, ఇప్పుడే దేవిదాస్ సారు స్కూటర్ దిగి వచ్చాడు. ఫ్యాను కింద మంచం మీద కూర్చున్నాడు. గోడ అవతల పక్కింటి మంగవ్వ వాకిట్లో డ్రమ్ము మోటారు పొద్దుటి నుంచి ఒకటే మోత.

"ఏం అవ్వా, పాణం మంచిగున్నదా?" నా పక్కన కూర్చున్న అత్తమ్మను గొంతు పెంచి అడిగాడు.

"ఉన్నది సారూ. గీసారన్న పాడనిస్తరా?"

"నీ పేరు పెద్దక్షరాలల్ల ఏసినం! గిది సూడు." సంచీలోంచి శాలువా తీశాడు. "స్టేజీ మీద టైముంటదో ఉండదోనని ముందుగాలనే తెచ్చిన."

"శాలువా ముందుగాలనే వచ్చె. మరి పాట?"

"నీ పాట మీద గీసారి పొద్దంత సదస్సు పెట్టినం అవ్వా! ముగ్గురు ప్రొఫెసర్లు వస్తున్నరు."

"వాళ్లకు నా పాటొస్తదా?"

"పాటెందుకవ్వా? పేపర్లు సదువుతరు."

అత్తమ్మ శాలువా అందుకుంది. జరీ అంచు మీద వేలు పెట్టి చూసింది.

అప్పుడే ఫ్యాను ఆగింది. గోడ అవతల మోటారు కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో మంగవ్వ కేక వినిపించింది: "ఓ లసుమక్కా! కరెంటు పాయె! జర వచ్చి డ్రమ్ముకు చెయ్యెయ్యరాదూ!"

అత్తమ్మ లేచింది. శాలువాను బకెట్లో ముంచి గట్టిగా పిండింది. తడిగుడ్డలో చుట్టకపోతే తునికాకు ఎండి పెళుసవుతుంది. నా ముందున్న ఆకునంతా ఆ శాలువాలో చక్కగా చుట్టింది. నన్నూ లెమ్మన్నట్టు నా ఒళ్లోని చేట తీసి పక్కన పెట్టింది.

దేవిదాస్ సారు ప్రొఫెసర్లలో రెండో ఆయన డిగ్రీల దగ్గర ఉన్నాడు. అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని, గొంతు సవరించుకుంటూ గడప దాటింది.