మూడో గదిలో ఈకల సంచి

ఆ ఉదయం మేనేజరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. అందరికంటే ముందు పనిలోకి వెళ్ళాలి. ఎవరి కంటా పడకుండా మూడో నంబరు చల్లగదిలో దూరాలి. కొత్తగా కొన్న స్లీపింగ్ బ్యాగులో ఓ గంటసేపు పడుకుని, చలి వేసిందో లేదో తేల్చుకోవాలి. మధ్యాహ్నం బావమరిది వచ్చేసరికి, నేనే స్వయంగా పడుకుని చూశానని చెప్పి అతని నోరు మూయించాలి. ఇంత చక్కటి ఉపాయం తనకు కాక ఇంకెవరికి తడుతుందని స్కూటరు మీద వెళ్తున్నంతసేపూ ఆయన తనను తాను మెచ్చుకుంటూనే ఉన్నాడు.

మెచ్చుకోవడం ఆయనకు కొత్త కాదు లెండి. పళ్ళు నిలవచేసే కోల్డ్ స్టోరేజీకి ఏళ్ళ తరబడి మేనేజరు. ఏ గది ఎంత చల్లగా ఉండాలో, ఏ పండు ఎంత చలికి నల్లబడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఎవరైనా చలి మాట ఎత్తితే చాలు, "చలి గురించి నాకా చెబుతారు? నేను చలికి డ్యూటీ వేసేవాణ్ణి" అంటాడు.

అలాంటి మనిషికి చలి దగ్గరే పరీక్ష వచ్చిపడింది. ఆయన భార్య బడిలో ఆటల టీచరు. ఏటా సెలవుల్లో తమ్ముడి బృందానికి దారి చూపిస్తూ, వీపున మూట వేసుకుని కొండలెక్కి, గుడారాల్లో పడుకుని వస్తుంది. వచ్చాక వారం రోజులు ఇంట్లో అవే కబుర్లు. వాగు దాటుతూ ఎవరు జారిపడ్డారో, బండరాయిని చూసి ఎలుగుబంటి అనుకుని ఎవరు పరిగెత్తారో చెప్పి విరగబడి నవ్వుతుంది. ఆయనా నవ్వుతాడు. కానీ ఆవిడ అంతగా నవ్వినప్పుడు తను పక్కన లేడే అని లోపల్లోపల బెంగ. ఆ బెంగ ఈ ఏడు మరీ ముదిరింది. నేనూ వస్తానన్నాడు. భార్య మొహం వెలిగిపోయింది. బావమరిది మొహం మాత్రం అదోలా అయింది.

బృందంలో మిగిలింది ఒక్క చోటే. దాని కోసం దంతాల డాక్టరు ఒకాయన కూడా కాచుకుని ఉన్నాడు. బావమరిది ఖరాఖండీగా చెప్పేశాడు. ఎవరి మూట వాళ్ళే మొయ్యాలి కనక మూట తేలిగ్గా ఉండాలి. పైన మంచు పడుతుంది కనక ఆ చలిలో నిద్రపట్టాలి. బరువు మొయ్యలేక దారిలో కూలబడేవాడూ వద్దు, చలి చలి అంటూ గుడారాలన్నీ తట్టి లేపేవాడూ వద్దు. ఈ రెండో మాట అంటున్నప్పుడు బావగారి వైపే చూశాడు. ఏ సంచి కొన్నారో చూసి ఎవరు వచ్చేదీ తేలుస్తానన్నాడు.

సంచి ఎంచుకోవడంలో మేనేజరు ఎవరి సలహా చెవిన వేసుకోలేదు. బావమరిది కొనమన్నది కృత్రిమ దూది కూరిన లావుపాటి సంచి. తడిసినా వెచ్చగా ఉంటుంది, నిజమే. కానీ ఎత్తి చూస్తే చంకలో పిల్లాడంత బరువుంది. దీన్ని మోస్తూ కొండెక్కేవాడికి ఇక చలెక్కడిదని ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు. తర్వాత ఈకల సంచులు దింపించాడు. పెద్దబాతు రొమ్ము కింది నూగు ఈకలు కూరినవి. గుప్పిట్లో నొక్కితే ఇంతే అవుతాయి, వదిలితే బుస్సున పొంగుతాయి. దుకాణదారు ఒక సంచి మీద ఉన్న పెద్ద అంకె చూపించి, ఇంత చలికైనా ఢోకా లేదన్నాడు. మేనేజరు కళ్ళజోడు సవరించుకుని దాని పక్కనున్న సన్న అక్షరాలు చదివాడు. పెద్ద అంకె ప్రాణం పోకుండా తట్టుకోగలిగే చలి. హాయిగా నిద్రపట్టే చలి వేరే ఉంది, అది చిన్నగా రాశారు.

"ప్రాణాలతో ఉండటానికైతే నేను ఇంటి దగ్గరే ఉంటాను కదయ్యా. నిద్రపట్టేది చూపించు" అన్నాడు.

అలా రెండు అంకెలూ చూసి, కుట్లు లాగి చూసి, తక్కెట్లో వేయించి, కిలోకి లోపే తూగిన నీలం సంచి తీసుకున్నాడు. గుడ్డ ఉల్లిపొరలా ఉంది, జిప్పులో ఇరుక్కుంటుంది జాగ్రత్త అని దుకాణదారు చెప్పబోతే, జిప్పు పెట్టుకోవడం నాకు నేర్పుతావా అని కసురుకుని వచ్చేశాడు. ఫోనులో సంగతి విన్న బావమరిది అంత తేలికపాటి దాంట్లో పడుకోవడం ఉండదని, వణకడమే ఉంటుందని తేల్చేశాడు. ఆ మాటకే మేనేజరుకు పట్టుదల పుట్టింది, చల్లగది గుర్తొచ్చింది.

మూడో గదిలో యాపిల్ పెట్టెలు కప్పుదాకా ఉన్నాయి. కొండ మీద ఎంత చలో ఇక్కడా అంతే. తలుపు లోపలినుంచి కూడా తెరుచుకుంటుంది కనక భయం లేదు. తన గిడ్డంగిలో తనే సంచిలో దూరి పడుకోవడం పనివాళ్ళు చూస్తే పరువు దక్కదని, బజారుకు వెళ్తున్నానని గుమాస్తాకు చెప్పాడు. చలికి బ్యాటరీ పాడవుతుందని ఫోను సొరుగులో పడేశాడు. వెనక వైపునుంచి గదిలోకి వచ్చి, ఆఖరి వరసకూ గోడకూ మధ్యనున్న సందులో చెక్క పలక మీద సంచి పరిచి, అందులో దూరి, జిప్పు మెడదాకా లాగి, తలమీది ముసుగు బిగించాడు. ముక్కూ కళ్ళూ తప్ప అంతా లోపలే. కాసేపటికి కాళ్ళు వెచ్చబడ్డాయి, తర్వాత వీపు, తర్వాత ఒళ్ళంతా. కొన్నదెవరు మరి, అనుకున్నాడు. అంతే, ఆ తర్వాత ఏమీ అనుకోలేదు.

ఇక్కడినుంచి మేనేజరు మొద్దు నిద్రలో ఉన్నాడు కనక, జరిగింది మనం హమాలీల మేస్త్రీ నోట వినాల్సిందే. మేస్త్రీ ఏదో పెట్టె కోసం మూడో గదిలోకి వచ్చాడు. గర్రుమని ఒక చప్పుడు మొదలై, పెరిగి, ఠక్కున ఆగి, ఈల వేసి, మళ్ళీ గర్రుమంది. పైనున్న ఫ్యాను ఇలా ఏడవడం అతను ఎన్నడూ వినలేదు. పరుగున వెళ్ళి మెకానిక్కును పిలుచుకొచ్చాడు.

ఈ మెకానిక్కును అందరూ స్టెతస్కోపు అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస యంత్రానికి, ఇంకో కొస చెవికి ఆనించి జబ్బు చెప్పేస్తాడు, చెప్పాక వెనక్కి తీసుకోడు. ఫ్యాను బేరింగు అరిగిపోయిందని చెప్పి ఫ్యాను ఆపేశాడు. గది నిశ్శబ్దమైంది. స్టెతస్కోపు కాలరు సర్దుకున్నాడు. అంతలో గర్రుమని చప్పుడు మళ్ళీ మొదలైంది, ఫ్యాను హోరు లేకపోయేసరికి ఇంకా స్పష్టంగా.

ఇంకొకడైతే నాలిక కరుచుకునేవాడు. స్టెతస్కోపు మాత్రం రెండు క్షణాలు కళ్ళు మూసుకుని, ఇది గోడవారనున్న గొట్టంలో ఇరుక్కున్న గాలి అని, గొట్టం ఉబ్బి ఉందని, ఏ క్షణాన్నైనా పగలొచ్చని చెప్పాడు. పగిలితే ఇక సరుకు గతేమిటని అడిగితే పైకి చూసి దణ్ణం పెట్టాడు. మేస్త్రీ గుమాస్తా దగ్గరికి పరిగెత్తాడు.

గుమాస్తా మేనేజరుకు ఫోను చేస్తే అది పక్కనే సొరుగులో మోగింది. బజారులో ఆయన వెళ్ళే దుకాణానికి చేస్తే రాలేదన్నారు. ఇంటికి చేశాడు. పొద్దున్నే పనికని బయల్దేరిన మనిషి పనిలో లేడంటే ఏ భార్యకైనా ఎలా ఉంటుంది? ఆవిడ అప్పుడే వచ్చిన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఉన్నపళంగా బయల్దేరింది. ఇక మిగిలింది గిడ్డంగి ఓనరమ్మ, గుమాస్తా ఆవిడకూ చేశాడు. ఆవిడ కారు దిగుతూనే ఒక్కటే అడిగింది, సరుకు ఇంకా లోపలే ఎందుకుందని. అంతే, హమాలీలంతా బారులు తీరారు. మూడో గదిలోని యాపిల్ పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా ఐదో గదికి తరలడం మొదలైంది. ఒక్కో వరస ఖాళీ అవుతున్నకొద్దీ చప్పుడు పెరిగింది. గొట్టం దగ్గరికి వస్తున్నాం చూశారా అని స్టెతస్కోపు ప్రతి వరసకీ గుర్తుచేశాడు.

ఆఖరి వరస తీసేసరికి భార్యా బావమరిదీ కూడా గుమ్మంలో ఉన్నారు. గోడవారన నీలంగా, పొడుగ్గా ఏదో పడి ఉంది. మెల్లగా ఉబ్బుతోంది, మెల్లగా దిగుతోంది. అందరూ నాలుగడుగులు వెనక్కి వేశారు. గొట్టం ఊపిరి తీసుకుంటోందమ్మా అని మేస్త్రీ ఓనరమ్మ వెనక్కి నక్కాడు. భార్య ఒక్క క్షణం చెవి ఒగ్గింది, అంతవరకూ పడిన గాబరా అంతా దిగిపోయి గోడకు ఆనుకుంది.

"అది గొట్టం కాదు. మా ఆయన" అంది.

ఓనరమ్మ గొడుగు కొసతో పొడిస్తే మేనేజరు కళ్ళు తెరిచాడు. చుట్టూ హమాలీలు, పైన ఓనరమ్మ మొహం. ఇంకొకరైతే బిక్కచచ్చిపోయేవారు. ఈయన ముసుగులోంచే గంభీరంగా రిపోర్టు ఇచ్చాడు.

"అమ్మగారూ, మూడో గదిలో చలి సరిగ్గానే ఉంది. నేనే స్వయంగా చూశాను." అంతలో హోరు వినబడటం లేదని గమనించాడు. "ఫ్యాను ఎవరు ఆపారు? నేను లేకపోతే ఇదా మీరు చేసే పని?"

"ముందు లేచి మాట్లాడు" అంది ఓనరమ్మ.

లేవబోయాడు, కుదరలేదు. జిప్పు గుడ్డను కరుచుకుని కూర్చుంది. స్టెతస్కోపు పట్టకారు తీశాడు, మేస్త్రీ తాడు కోసే కత్తి తీశాడు. కోస్తే నన్ను కోయండి గానీ సంచిని ముట్టుకోవద్దని మేనేజరు ససేమిరా అన్నాడు. భార్య మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డను వేలితో పక్కకు నొక్కిపట్టి, జిప్పును కొద్దికొద్దిగా వెనక్కి లాగి ఆయన్ని బయటికి తీసింది. సాయంత్రానికల్లా పెట్టెలన్నీ ఎక్కడివక్కడ చేరాలని, మొదటి పెట్టె మేనేజరే మొయ్యాలని ఓనరమ్మ తీర్పు చెప్పింది. ఆయన నామోషీ పడలేదు. కొండకు ముందు కసరత్తు కావద్దా అంటూ ఐదో గదికి వెళ్ళి పెట్టె ఎత్తుకున్నాడు, సంచి పట్టుకుని వెంట వచ్చిన బావమరిది వైపు తిరిగి, చలి ఎలా ఉందో అడగమన్నాడు.

బావమరిది సంచిని చేత్తో తూచి చూశాడు, మడిచి చూశాడు, లోపల చెయ్యి పెట్టి చూశాడు.

"ఒప్పుకున్నా బావగారూ. తేలిగ్గా ఉంది, వెచ్చగానూ ఉంది. సంచి పాసైంది. తప్పింది మీరే. గురక పెట్టి గిడ్డంగి ఖాళీ చేయించిన మనిషిని గుడారాల మధ్య పడుకోబెడితే మావాళ్ళలో ఒక్కడైనా నిద్రపోతాడా? ఆ చోటు డాక్టరుగారికే ఇచ్చేస్తున్నా."

మేనేజరు చలి గురించి వాదించగలడు, బరువు గురించి వాదించగలడు. గురక గురించి ఏం వాదిస్తాడు, తన గురక తను ఏనాడైనా విన్నాడా? చేతిలో పెట్టె ఒక్కసారిగా బరువెక్కింది. ఈ ఏడు కూడా ఆ కబుర్లు వంటింటి గుమ్మంలో నిలబడి వినాల్సిందేనా అని ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. పెట్టె ఎత్తుకుని ఐదో గదినుంచి మూడో గదికి నడిచాడు.

భార్య తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒరేయ్, 'మా అక్కకు నక్షత్రాలంటే పిచ్చి, కొండ మీద తెల్లవార్లూ కూర్చుని చూస్తుంది' అని అందరికీ చెప్తుంటావు కదా."

"అవును."

"పిచ్చా పాడా. ఈ చప్పుడు పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఏటా నిద్రల్లేక చస్తున్నాను. ఆయన వస్తేనే నేనొచ్చేది."

అక్క లేకపోతే బృందానికి దారి చూపేవాళ్ళు లేరు, ఆ సంగతి తమ్ముడికి తెలుసు. అతను ఏదో అనబోయేలోగా ఓనరమ్మ అందుకుని, మేనేజరుకు అడిగినన్ని రోజులు సెలవు ఇచ్చేస్తున్నానని, గిడ్డంగి కాస్త ప్రశాంతంగా ఉంటుందని చెప్పి కారెక్కింది. మూడో గదిలో పెట్టె దించుతున్న మేనేజరుకు చోటూ సెలవూ రెండూ దొరికిన కబురు మేస్త్రీ మోసుకెళ్ళాడు. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని, తన ఎంపిక ఏనాడైనా తప్పిందా అన్నాడు. అన్నాక అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

అందరూ కొండెక్కారు. పైన మంచు పేరుకుని ఉంది, ఈకల సంచి వెచ్చగా ఉంది, ఆవిడ ఒళ్ళు మరిచి నిద్రపోయింది. తెల్లవార్లూ నక్షత్రాలు చూసింది తమ్ముడు.