డ్రమ్ములో చెయ్యి పెట్టిన డైరెక్టరు

దేవుడు మనిషిని మట్టితో చేశాడు. ఆయన చెయ్యగా మిగిలిపోయిన మనుషులను ఆడిటర్లు కాగితంతో చేస్తున్నారు.

వినుకొండలో మరియదాసు కారం మిల్లు అలాగే మనిషయింది. మొన్నటిదాకా ఉత్త మిల్లు. ఇప్పుడు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. (ప్రైవేట్ అంటే ఇంట్లోవాళ్లది. లిమిటెడ్ అంటే ఇంట్లోవాళ్లు ముట్టుకోకూడనిది.) డైరెక్టర్లు మరియదాసు, ఆయన భార్య జయకుమారి. వాటాదార్లూ వాళ్లే.

ఎండాకాలం వచ్చింది. జయకుమారి మామిడికాయలు కొట్టించి, ముక్కలు తుడిచి ఆరబెట్టింది. "నాలుగు కిలోలు కారం పట్రండి, ఇవాళే కలపాలి" అంది, ఏటా అన్నట్టే.

మరియదాసు మిల్లుకెళ్లి డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోక, ఎందుకైనా మంచిదని ఆడిటర్ శ్యామ్ సుందర్ గారికి ఫోన్ చేశాడు.

"ముందు చెయ్యి తియ్యండి! అది కంపెనీ కారం. కంపెనీ వేరే మనిషి."

"ఆ మనిషి నా మనిషేగా అండీ?"

"వాటాలు మీవి, కారం దానిది. ఊరికే తీసుకుంటే జీతంలో కలిపి పన్నేస్తారు. లాభంలో వాటా అన్నారనుకోండి, ముందు కంపెనీ పన్ను కట్టాలి, మీ చేతికొచ్చాక మీరు మళ్లీ కట్టాలి."

"పోనీ, అప్పుగా?"

"డైరెక్టరుకు అప్పా! ఎప్పుడు తీరుస్తావని అడుగుతారు."

"ఆవకాయలోంచి పిండి ఇమ్మంటారా?"

"బయటి ధరకు కొనుక్కోండి. దానికో బోర్డు మీటింగు పెట్టుకుంటే మంచిది. నోటీసు ఏడు రోజుల ముందివ్వాలి."

కంపెనీకి కారం ఉంది, మరియదాసుకు అధికారం లేదు. ఖాళీ సంచితో ఇంటికొచ్చాడు.

"ఏడు రోజులా? ముక్కలు బూజు పడతాయి!" జయకుమారి అరిచింది. "నోటీసు ఎవరికివ్వాలంట?"

"నీకే. డైరెక్టరువి గదే."

"నాకు తెలిసిన సంగతి నాకు తెలియజెయ్యడానికి వారమా? ఇటివ్వండి సంచి!"

ఆమె తిన్నగా ఎదురు వీధిలోని సుభానీ మిల్లుకెళ్లి, పూర్తి ధర పెట్టి కారం కొంది. తిరిగొస్తూ చూస్తే, తమ మిల్లు ముందే సంచి పట్టుకుని నిలబడి ఉంది సుభానీ భార్య నజీరా.

"మీకు మిల్లుంది గదా, వదినా?"

"ఉండేది. పోయిన నెల కంపెనీ అయింది" అంది నజీరా.

ఆ నెల రెండు కంపెనీల అమ్మకాలూ పెరిగాయని శ్యామ్ సుందర్ గారు రెండిళ్లకూ వెళ్లి అభినందించి, పెరిగినదానికి పన్నెంతో చెప్పారు. వస్తూ వస్తూ రెండిళ్ల నుంచీ ఒక్కో జాడీ ఆవకాయ ఊరికే పట్టుకొచ్చారు.

ఆయనింకా కంపెనీ కాలేదు, మనిషే.