వేళ్లతో సహా

ఆ ఆదివారం ఉదయం పళ్ల డాక్టరుగారికి భార్య అప్పగించింది ఒక్కటే పని.

"గేటు లోపలికి రాగానే కుడివైపు మడిలో కలుపు పీకండి. ఎడమవైపు దాని జోలికి మాత్రం వెళ్లకండి" అని చెప్పి, అటవీ అధికారిణిని, లారీని వెంటబెట్టుకురావడానికి ఆవిడ బయలుదేరింది.

ఎడమవైపు మడిలో పెరుగుతున్నవి మామూలు మొక్కలు కావు. చెట్లు పోయి బోడిగా మారిన కొండ మీద ఆ జాతిలో మిగిలింది ఒకే ఒక్క చెట్టు. దాని గింజలు ఏరి తెచ్చి, రెండుసార్లు కుళ్లిపోయాక మూడోసారికి మొలిపించింది ఆవిడ. ఆ చెట్టు కూడా మొన్నటి గాలివానకు కూలిపోయింది. ఇక గింజలు దొరకవు. ఈ మొక్కలు మళ్లీ కొండెక్కితేనే ఆ జాతి ఉన్నట్టు.

డాక్టరుగారికి పంటికి, పంటికి తేడా తెలుసు గాని మొక్కకు, మొక్కకు తెలియదు. కాసేపటికి గర్వంగా ఫోన్ చేశారు.

"ఏమోయ్, ఎడమవైపు మడి మొత్తం వేళ్లతో సహా పీకేశాను. ఒక్క వేరు కూడా తెగలేదు!"

అవతల నుంచి భార్య సన్నటి గొంతు వినిపించింది. "ఎడమవైపా? నాటండి. ఉన్నపళంగా అన్నీ మళ్లీ నాటండి. వేళ్లు ఆరాయంటే ఇక అంతే!"

డాక్టరుగారు మోకాళ్ల మీద కూలబడి ఒక్కొక్కదాన్నీ గుంట తీసి నిలబెట్టారు. ఎండ ముదురుతోంది. మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి. తీగ మీద ఆరేసిన చీర లాగి, నీళ్లలో ముంచి, మడి మీద కప్పారు.

"ఒరేయ్, అది నా పట్టుచీరరా! గడ్డికి కప్పుతావా?" అని తల్లి లబోదిబోమంటూ వచ్చింది.

"గడ్డి కాదమ్మా, అడవి! నా కాపురం!"

సంగతి విన్నాక ఆవిడ మారుమాట్లాడకుండా లోపలికెళ్లి రెండో పట్టుచీర తెచ్చింది.

లారీ వచ్చి ఆగింది. డాక్టరుగారు మట్టి చేతులు జోడించారు. "తప్పంతా నాదే మేడమ్. కొన్నైనా బతుకుతాయేమో చూడండి."

అధికారిణి చీర అంచు ఎత్తి చూసింది. వంగి మళ్లీ చూసింది.

భార్య అప్పటికే రెండో మడి దగ్గర నిలబడిపోయింది. అక్కడ ఆవిడ మొక్కలు ఒక్క ఆకు నలగకుండా కళకళలాడుతున్నాయి.

"ఏవండీ, మీరు ఎటునుంచి చూసి ఎడమ అన్నారు?"

"పెరట్లో పంపు దగ్గర నుంచి, గేటుకేసి తిరిగి."

ఆవిడ ఉన్నచోటే చతికిలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా చాలాసేపు మొహం కప్పుకుంది. సాయంత్రానికి లారీ కొండెక్కింది.

డాక్టరుగారు నాటిన కలుపు మాత్రం ఒక్కటీ చావలేదు.