ఎంగిలి తారు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న రోడ్డు ఉండేది. చిన్నదంటే పొడవులోనే. ఎత్తులో మాత్రం ఏటేటా పెరుగుతూ వచ్చింది. వానలకు ముందు పంచాయతీవారు పాత రోడ్డు మీదే జానెడు మందాన కొత్త తారు పరిచి, కొబ్బరికాయ కొట్టి, ఫోటో దిగి వెళ్లిపోయేవారు. అలా పదకొండేళ్లలో పదకొండు పొరలు పడ్డాయి.

ఆ రోడ్డు పక్కనే పోలమ్మ అనే పందికొక్కు కాపురం. వాళ్లమ్మ కాలంలో రోడ్డు మీంచి రెండు మెట్లు ఎక్కితే గుమ్మం వచ్చేది. ఇప్పుడు తొమ్మిది మెట్లు దిగాలి. కిందటేడు వానకు రోడ్డు మీది నీళ్లన్నీ పిలవని చుట్టాల్లా ఇంట్లోకి దిగాయి. నలుగురు పిల్లల్నీ అటకెక్కించి, వడ్లగాదె తడుస్తుంటే చూస్తూ కూర్చుంది పాపం. ఈసారి ఇంకో పొర పడితే గుమ్మమే పూడిపోతుంది.

పోలమ్మ ఊరికే ఏడుస్తూ కూర్చునే రకం కాదు. తారు కాచే మేస్త్రీ ఆమె. పదకొండు పొరల్లో ఏడు ఆమె చేతిమీదుగా పడ్డవే. తన గుమ్మం తనే పూడ్చుకుంటున్నానని తెలిసినా, ఇంతకాలం పని పనే అనుకుంది. ఇక లాభం లేదని అర్జీ పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్లింది.

ఆఫీసు మునగలేదా అంటే, దాని సంగతి వేరు. ప్రెసిడెంటు ఐరావతయ్య అనే ఏనుగు. ఆయన పాదం ఎక్కనూ దిగనూ అక్కర్లేకుండా, రోడ్డు జానెడు లేచినప్పుడల్లా ఆఫీసు అరుగునూ జానెడు లేపేవారు.

"అయ్యా, ఈసారి పై పొర గీకి తీసి, ఆ పాత తారునే కరిగిద్దాం. పాతది ఒక పాలు, కొత్తది రెండు పాళ్లు కలిపి పరుద్దాం. రోడ్డు గట్టిగానే ఉంటుంది, ఎత్తు పెరగదు" అంది పోలమ్మ.

ఐరావతయ్య తొండం ముడిచాడు. "అందరూ తొక్కి వదిలేసిన తారు. ఎంగిలి తారు నా రోడ్డుకా?"

"అమ్మమ్మ చేతి మురుగులు కరిగించి మనవరాలికి గాజులు చేయిస్తాం. ఎంగిలి బంగారం అంటామా అయ్యా?"

ఇంజినీరు కొంగ ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకున్నాడు. పైనుంచి కాగితం రాని విషయంలో ఆయన కళ్లు తెరవడు. కాంట్రాక్టరు నక్క జంబయ్య మాత్రం వెంటనే తలూపాడు. ఒక పొర గీకమంటే పదకొండూ తవ్వుకోవచ్చు, కాస్త ఇక్కడ పరిచి మిగతాది పొరుగడవిలో కొత్త తారని చెప్పి అమ్ముకోవచ్చు. ఇదీ అతగాడి ఎత్తుగడ. అడవిలోకెల్లా మొట్టమొదటి పాత తారు రోడ్డు వేయించిన మహానుభావుడని ప్రెసిడెంటుగారి పేరు శిలాఫలకం మీద చెక్కిద్దామని ఐరావతయ్య చెవిలో ఊదాడు. ఆ క్షణాన ఎంగిలి కాస్తా ప్రసాదమైపోయింది.

శిలాఫలకం మీద ఎవరి పేరు ఏ వరుసలో ఉండాలో తేల్చడానికి సమావేశం పెట్టారు. తలుపులు బిగించుకుని నాలుగు రోజులు వాదించుకున్నారు. టిఫిన్లు కూడా కిటికీలోంచి లోపలికే.

బయట తవ్వకం సాగింది. అడుగుదాకా తవ్వమన్నాడు జంబయ్య. అతని ఎత్తుగడ పోలమ్మకు రెండో పొరకే అర్థమైంది గానీ నోరు మెదపలేదు. పొర లేచినకొద్దీ గుమ్మానికి దిగాల్సిన మెట్లు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి మరి. కొత్త తారు కలపకుండా ఉత్త పాతదే పరిచెయ్యమన్నప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. అలా పరిస్తే కరకరలాడే జంతికలా విరిగిపోతుందని చెప్పి, లెక్కప్రకారం కలిపే పరిచింది. పని అయ్యేసరికి ఒక మెట్టు ఎక్కితే ఆమె గుమ్మం. మిగిలిన పాత తారంతా ఆఫీసు ముందు గుట్టగా పడి, జంబయ్య బళ్ల కోసం ఎదురుచూస్తోంది.

అయిదో రోజు పేర్ల వరుస తేలింది. శిలాఫలకం ఆఫీసు గోడకు బిగించేశారు. ఐరావతయ్య దండ వేసుకుని, తలుపు తీసి, ముందుకాలు బయట పెట్టాడు. కాలు గాలిలో ఆడింది. రోడ్డు పది జానల కింద ఉంది.

కొంగ ఎగిరి కిందికి దిగి, అంచనాల్లో మెట్లు రాయలేదని విన్నవించాడు. జంబయ్య వెదురు నిచ్చెన తెచ్చాడు. ఐరావతయ్య నిచ్చెన వంక చూశాడు, నిచ్చెన గతేమిటో అందరికీ తెలిసింది. సాయంత్రానికి ప్రెసిడెంటుగారి గొంతులో గాంభీర్యమంతా దిగిపోయింది.

"పోలమ్మా, ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

పోలమ్మ గుట్ట వంక చూసింది. "ఎంగిలి తారే ఉందయ్యా. పర్లేదా?"

"ఆపదలో ఉన్నవాడికి ఎంగిలేమిటమ్మా, వెయ్యి."

గుట్ట గుట్టంతా వాలుగా పరిచి, పైన కొత్తది కలిపిన పొర వేసింది. ఐరావతయ్య దాని మీంచి గోడ పట్టుకుని దిగాడు. జంబయ్య బళ్లు వచ్చినదారినే ఖాళీగా వెళ్లాయి.

ఆ వారమే వాన కొట్టింది. పోలమ్మ గుమ్మంలో నిలబడి, నీళ్లు మెట్టు కిందినుంచే పారిపోవడం కళ్లారా చూసింది. ఎంత సంతోషమో ఆమెకి. పిల్లలు నలుగురూ ఆఫీసు వాలు మీద జారుడుబండ ఆడుకుంటున్నారు. గోడ మీది శిలాఫలకం మరీ ఎత్తున ఉండిపోవడంతో, దాని మీద ఎవరి పేరు ముందుందో రోడ్డు మీంచి ఎవరికీ కనబడలేదు.

నీతి: మన గుమ్మం మునిగిందని పెద్దలకు చెప్పి లాభం లేదు, వాళ్ల గుమ్మం గాలిలో తేలేదాకా తవ్వాలి.