చేపనయ్యే భాగ్యం

నా కుట్టుపెట్టెలో ముప్ఫై గుండుసూదులు ఉండాలి. మొన్న ఆదివారం పొద్దున చూస్తే ఇరవై మూడే ఉన్నాయి.

"ఏడు సూదులు ఏమయ్యాయండీ?" అని అడిగాను.

"సూదులు కూడా లెక్కపెట్టుకుంటారా ఎవరైనా?" అన్నారు మా ఆయన, తల ఎత్తకుండా. ఆయన ముందు థర్మకోల్ అట్ట, అట్ట మీద ఒక చేప. దాని వీపు రెక్కను విప్పార్చి, ఫోటో కోసం నా ఏడు సూదులూ గుచ్చి నిలబెట్టారు.

"మీరు చేప ముళ్లు లెక్కపెట్టడం లేదా?"

"అది సైన్సు!"

"ఇది అమ్మాయి స్కర్టు అంచు!"

పక్క గదిలోంచి మా అత్తగారు కలగజేసుకున్నారు. "ఒరేయ్, ఆ కంపు సూదులు మళ్లీ పిల్ల బట్టలకు పెట్టకండి. అది కాలేజీకి వెళ్లాలి." దాంతో గొడవ ఆగింది. సూదులు మాత్రం రాలేదు.

ఇది జరిగిన పది నిమిషాలకే నాకొక మహద్భాగ్యం పట్టింది. ఆ చేపకు నా పేరు పెడతామన్నారు!

పాఠకులారా, బాగా ఆలోచించే చెబుతున్నాను. ఒక ఇల్లాలికి దక్కగల గౌరవాలన్నిటిలోకీ గొప్పది, ఒక చేపకు ఆమె పేరు పెట్టడం. జీతం వద్దు, బిరుదు వద్దు, సన్మానం వద్దు. చేప చాలు!

నవ్వుతున్నారు కదూ? నవ్వండి. మీ పేరు దేనికైనా పెట్టారా? పోనీ, మీరు రోజూ తుడిచే ఇంటి గేటు మీదైనా ఉందా?

మా ఆయన సముద్ర జీవుల మ్యూజియంలో చేపల విభాగం చూస్తారు. సీసాలోని చేపకు చీటీ అతికించడం, ఆ చీటీ తప్పని ఎవరైనా అంటే ఆరు నెలలు ఉత్తరాలతో పోట్లాడటం ఆయన వృత్తి. ఈ మధ్య అక్కడ పైకప్పు కారుతోందని గదికి తాళం వేశారు. అప్పటినుంచి పరిశోధన మా భోజనాల బల్ల మీదికి మారింది. ఒక కొసన చేపలు, ఇంకో కొసన మేము. మధ్యలో ఉప్పు డబ్బా సరిహద్దు.

ఇంతవరకు ప్రపంచంలో ఎవరూ వర్ణించని చేప ఇది. ఎలా దొరికిందంటారా? "రేవు దగ్గరి బజారులో సేకరించబడింది" అని వ్యాసంలో ఉంది. ఎంత శుభ్రమైన వాక్యం! ఎవరు సేకరించారో ఊసే లేదు. ఎలా ఉంటుంది? సేకరించిన మనిషికి ఆ రోజు బురదలో చెప్పు తెగింది. ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో చెప్పు పట్టుకుని బేరమాడుతున్న మనిషిని అంత శుభ్రమైన వాక్యంలోకి ఎలా రానిస్తారు?

కూర కోసం నాలుగు చేపలు కొన్నాను. పళ్లెంలా వెడల్పుగా, వెండి రంగులో ఉంటే, ఎప్పుడూ కొనే రకమే అనుకున్నాను. కడుగుతుంటే మెడ దగ్గర, వీపు రెక్క ఇంకా మొదలవకముందే, ఏదో చురుక్కుమని గుచ్చుకుంది. ఇరవై రెండేళ్లుగా చేపలు బాగుచేస్తున్న వేలు నాది. ముల్లు ఎక్కడ ఉంటుందో, ఎక్కడ ఉండకూడదో దానికి తెలుసు. తడిమి చూస్తే చర్మం కింద దాక్కుని, మొన ముందుకు తిప్పుకుని, బియ్యపుగింజలో సగమంత ముల్లు.

"ఏవండీ, ఇది మనం తినే రకం కాదు" అన్నాను.

"కత్తి జారి ఉంటుందిలే" అన్నారు, పేపరు తిప్పుతూ.

ఒక చేపను పొయ్యి మీద పెట్టి రెండోది అందుకున్నాను. అదీ గుచ్చుకుంది. "రెండుసార్లూ అక్కడే జారిందంటారా?" అని గట్టిగా అన్నాను. అప్పుడు లేచి వచ్చారు. మిగిలిన మూడింటినీ పసిపిల్లల్లా ఎత్తుకుని పోయారు.

ఆ విధంగా శాస్త్రానికి అందాల్సిన మొట్టమొదటి నమూనా మా అత్తగారి కంచంలోకి చేరింది. "రుచి ఫరవాలేదు గానీ మెడ దగ్గర ఏదో గుచ్చుకుందే అమ్మాయ్" అన్నారావిడ. రెండో శాస్త్రీయ ధ్రువీకరణ! వ్యాసంలో రుచికి గడి లేకపోవడం వల్ల అది నమోదు కాలేదు.

ఆ తర్వాత మూడు నెలలు వారం వారం బజారుకు వెళ్లాను. చేపలు అమ్మే ఆవిడ నన్ను చూడగానే "రా అక్కా, నీ గుచ్చుకునే చేప ఇంకోటి దాచాను" అని పిలిచేది. పక్కవాళ్లంతా నన్ను అదోలా చూసేవారు. మెత్తటి చేప కావాలనే మనుషులనే చూశారు వాళ్లు. ముల్లు ఉందో లేదో గుచ్చుకుని చూసి, రక్తం వస్తే సంతోషంగా డబ్బిచ్చే మనిషిని చూడలేదు. అలా మొత్తం పద్నాలుగు చేపలయ్యాయి.

ఇక పొలుసుల లెక్క. చేప పక్కన మొప్ప నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద పొలుసులు ఎన్నో చెప్పాలి. మా ఆయన ఒకే చేపకు ఒకసారి నలభై తొమ్మిదన్నారు, ఒకసారి యాభై ఏడన్నారు. చేప ఎదుగుతోందనుకోవడానికి అది చచ్చి నెలయింది. కళ్లజోడు మార్చుకోండని రెండేళ్లుగా చెబుతున్నాను. చివరికి "నువ్వోసారి చూడు" అన్నారు. చూశాను. యాభై మూడు. పద్నాలుగు చేపలు, ఒక్కొక్కదానికి మూడుసార్లు. ఆ తర్వాత కన్ను ఎంత, నోరు ఎంత, రెక్క ఎంత అని ఒక్కో చేపకు ముప్ఫై ఒక్క కొలతలు. అదంతా వ్యాసంలో రెండో పట్టిక. నల్ల ఇంకుతో వేసిన బొమ్మ మూడో పేజీలో ఉంటుంది. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. సర్టిఫికెట్ బీరువాలో దుప్పట్ల కింద ఉంది. బొమ్మలకు అప్పట్లో మంచి మార్కులే వచ్చేవి.

ఇదంతా గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఇంత చిన్న పనికి ఎంత పెద్ద ప్రతిఫలం దక్కిందో మీకు తెలియాలని!

సరే, ఆదివారం సంగతికి వస్తాను. సూదుల తగాదా చల్లారాక, వ్యాసం రేపు పొద్దున పంపాలంటూ మా ఆయన గొంతు సవరించుకుని వర్ణన చదివి వినిపించారు.

"శరీరం పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ. వీపు నుంచి పొట్ట దాకా కొలత పొడవులో అరవై రెండు శాతం. కళ్లు పెద్దవి. నుదురు వంపు తిరిగి ఉంటుంది. నోరు చిన్నది, మూసి ఉన్నప్పుడు మూలలు కిందికి వాలతాయి. వయసు పెరిగేకొద్దీ మెడ వెనక మూపురం కనిపిస్తుంది."

చదివి, కాగితం మీద నుంచి నా వైపు ఆప్యాయంగా చూశారు. "దీనికి నీ పేరు పెడదామనుకుంటున్నాను."

ఏ ఆడదానికి కళ్లు చెమర్చవు చెప్పండి?

వెంటనే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని టేపు తీశాను. వీపు నుంచి పొట్ట దాకా నాది పొడవులో పంతొమ్మిది శాతమే! ఇంకా నలభై మూడు శాతం లోటు. పేరు పంచుకున్నాక చేప నన్ను చూసి చిన్నబోకూడదు కదా? వెంటనే కేకు ముక్క ఒకటి ఎక్కువ తిన్నాను. మూపురం విషయంలో మాత్రం ఏ ఢోకా లేదు. మూడు నెలలు భూతద్దం మీద వంగితే అదే వచ్చింది. నోటి సంగతే అర్థం కాలేదు. మూసి ఉన్నప్పుడు నా నోరు ఎలా ఉంటుందో ఈయన ఎప్పుడు చూశారు?

ఇక లాభాలు చూడండి. నా పేరున్న చేప గాజు సీసాలో, స్పిరిట్‌లో, తాళం వేసిన గదిలో వందేళ్లు ఉంటుంది. ఆ గదికి ఏసీ ఉంటుందట. మా వంటగదికి లేదు. ఆ సీసా మూత తీసి ఎవరూ కాఫీ అడగరు. ఇస్త్రీ అయిందా అనరు. తన పక్కనున్న సీసాతో సర్దుకుపొమ్మని ఎవరూ బుద్ధి చెప్పరు.

అన్నిటికంటే ముచ్చటైనది ఇంకోటుంది. చేప పేరు రాసినప్పుడల్లా, దాన్ని వర్ణించినవారి ఇంటిపేరు ఆ పక్కనే రాస్తారట. అంటే ముందు నా పేరు, ఆ వెంటనే మా ఆయన ఇంటిపేరు! నీళ్లలో పడి రెక్కలూ మొప్పలూ మొలిపించుకున్నా అత్తింటి ఇంటిపేరు వదల్లేదు చూశారా? ఇంతకంటే స్థిరమైన కాపురం ఎక్కడుంటుంది?

ఆనందం పట్టలేక వ్యాసం మొదటి పేజీ చూశాను. రచయితలు నలుగురు. ఒకరు మా ఆయన. రెండోవారు డైరెక్టరు గారు. ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చి చేపను చూసి, కిటికీ తెరవమన్నారు. మూడోవారు చేప రెక్క తునక మీద జన్యుపరీక్ష చేసిన ప్రొఫెసరు. తునక కోసి, కవరులో పెట్టి, పంపినది నేనే. నాలుగోవారు ఫోటోగ్రాఫరు.

నేను చివరి పేజీలో ఉన్నాను. లెన్సు అరువిచ్చిన మిత్రుడి తర్వాత, "ఓర్పు వహించిన నా కుటుంబానికి కృతజ్ఞతలు" అన్న చోట. అందులోనూ నేను మూడో వంతే. మిగతా రెండు వంతులు మా అమ్మాయి, నమూనా తినేసిన మా అత్తగారు.

"నా పేరు పైన లేదేమండీ?" అని మామూలుగానే అడిగాను.

"అదేగా చెబుతున్నాను!" అన్నారు ఉత్సాహంగా. "చేపకు నీ పేరు పెట్టాం కదా. రాసేవాళ్లు తమ పేరే చేపకు పెట్టుకోకూడదు. రూలేమీ లేదు గానీ నలుగురూ నవ్వుతారు. రెండిట్లో ఒకటే కుదురుతుంది. నీకు పెద్దదే ఇద్దామనుకున్నాను."

ఎంత సున్నితమైన ఏర్పాటు! గదిలో కుర్చీ అడుగుతారేమో అనిపించినవాళ్ల పేరు ముందే గది తలుపుకు పెట్టేస్తే సరి. ఇక వాళ్లు లోపలికెందుకు? వాళ్లే తలుపు కదా!

ఈ పద్ధతి అన్ని చోట్లా రావాలని నా విన్నపం. ఆఫీసులో ప్రమోషన్ అడిగే అమ్మాయి పేరు లిఫ్టుకు పెట్టండి. రోజూ పైకి వెళుతూనే ఉంటుంది. పదేళ్లుగా హెడ్ నర్సు పోస్టు కోసం చూస్తున్నావిడ పేరు ఒక వార్డుకు పెట్టండి. భర్త పుస్తకాన్ని ఆరుసార్లు టైపు చేసి, తప్పులు దిద్ది, చివరి అధ్యాయం తానే రాసిన భార్య పేరు కథలో పిల్లికి పెట్టండి. ఖర్చు లేదు. గొడవ లేదు. పైగా వాళ్లే థ్యాంక్స్ చెప్పాలి!

నాకు ఒక్కటే బాధ కలిగింది. ఇంతటి గౌరవం నేనొక్కదాన్నే అనుభవించడం ధర్మమేనా? వంట చేస్తున్నంతసేపూ అదే ఆలోచించాను. మధ్యాహ్నం భోజనాల వేళకు తేల్చుకున్నాను.

అందరికీ వడ్డించి, నేనూ కూర్చుని, "ఒక నిర్ణయానికి వచ్చాను" అన్నాను. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది.

"చేపకు నా పేరు వద్దు. మీ పేరు పెడదాం."

మా ఆయన నవ్వారు. "నా పేరెలా పెడతారు? రాసేది నేను కదా."

"మీరు రాయకండి. నేను రాస్తాను. మీరు ఓర్పు వహించండి. చివర్లో థ్యాంక్స్ చెబుతాను."

ముద్ద ఆయన నోటి దాకా వెళ్లి ఆగింది.

"నాన్నా, కంగ్రాట్స్!" అంది మా అమ్మాయి. "వందేళ్లు ఏసీలో!"

"ఒరేయ్, పెట్టించుకోరా" అన్నారు మా అత్తగారు. "మంచి చేప. నేను తిన్నాను. పొట్ట కూడా అచ్చం నీ పొట్టే."

"ముప్ఫై ఏళ్ల ఉద్యోగం నాది. చివరికి చేపలా మిగలమంటావా?" అన్నారు మా ఆయన.

"పెద్ద గౌరవమన్నారుగా పొద్దున?"

ఆయన కంచంలో గీతలు గీశారు. తలెత్తి, నిజంగానే అడిగారు. "నీకు అంత బాధగా ఉందా?"

"ఉంది" అన్నాను. ఆ ఒక్క మాటలో మాత్రం వెటకారం లేదు.

"పైన పేరు పెడితే డైరెక్టరు గారు ఏమంటారో..."

"కిటికీ తెరవమంటారు" అంది మా అమ్మాయి.

"చూడండి" అన్నాను. "రెండో పట్టిక నా నోట్‌బుక్కులో ఉంది. నోట్‌బుక్కు నా దగ్గరే ఉంది. రేపు పంపే వ్యాసంలో చేపగా మీరైనా ఉంటారు, రచయితగా నేనైనా ఉంటాను. చేపకు పేరంటారా, దానికి ఎవరికీ లేని ముల్లుంది. ఆ ముల్లు పేరే పెట్టండి."

మా ఆయన చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో మొదటి పేజీ లాగి, పెన్ను మూత పళ్లతో తీశారు. "ఎక్కడ రాయను?"

"మీ తర్వాత" అన్నాను. "డైరెక్టరు గారికి ముందు."