సత్యానందం చింపిన చీటీ

ఆ సోమవారం సత్యానందం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా మేడ్చల్‌లోని పంపుల ఫ్యాక్టరీకి చేరుకోవాలి. మేనేజర్ రాజారావు తొమ్మిదిన్నరకు వచ్చేలోగా, ఆఫీసులో ఇంటర్నెట్ ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ముందు పది నిమిషాలు కూర్చోవాలి. శనివారం ఉద్యోగాల వెబ్‌సైట్‌లో పెట్టిన తన బయోడేటాకు ఎవరైనా జవాబిచ్చారేమో చూసుకోవాలి. అంతే.

పద్నాలుగేళ్లుగా అతను అక్కడ డిస్పాచ్ గుమాస్తా. ఏ లారీలో ఏ పంపులు ఎక్కాలో కాగితం చూడకుండా చెప్పగలడు. మొన్న మేలో సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీ అయితే, రాజారావు తన బావమరిదిని తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. ఆ మహానుభావుడికి పని నేర్పే బాధ్యత మాత్రం సత్యానందానిదేనట. కడుపు మండి ఆఫీసు కంప్యూటర్ నుంచే బయోడేటా ఎక్కించాడు. నలభై ఆరేళ్ల వయసులో పాస్‌వర్డ్ గుర్తుంటుందో లేదోనని, 'ఈ కంప్యూటర్‌లో నన్ను గుర్తుంచుకో' అన్న గడిలో టిక్కు కూడా పెట్టాడు.

సూరారంలో ఎక్కిన బస్సు గండిమైసమ్మ దగ్గర పంక్చరై కూర్చుంది. తొమ్మిదీ నలభైకి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేసరికి అటెండర్ సిద్దిరాములు ఎదురొచ్చాడు.

"అన్నా, జర ఆగు. కొత్త కంప్యూటర్ ఆపరేటర్ కోసం ప్రకటన ఇద్దామని సారు గా ఉద్యోగాల సైట్ తెరిచిండు. తెరుస్తే నీ పేరొస్తాంది. వెల్‌కమ్ సత్యానందం అని. గీయన పేరెందుకొస్తాందని నన్నడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"నాకేమెరుక అన్నా. నీకు చెప్పాలె గదా అని ఆగిన."

సత్యానందం గేటు దగ్గరే వెనక్కి తిరిగాడు. ఎదురుగా కిరాణా కొట్టులో రూపాయి బిళ్ల ఫోను ఉంది. ఇంటికి చేశాడు. కూతురు మనీషా కంప్యూటర్ కోర్సు చేసిన పిల్ల.

"గా సైట్ మన కంప్యూటర్ల ఓ చీటీ పెట్టుకుంటది నాయినా," అంది మనీషా. "మల్ల పోయినప్పుడు గా చీటీ జూసి మనల్ని గుర్తుపడ్తది. దాన్ని కుకీ అంటరు. నువ్వు టిక్కు పెట్టినవ్ గద, అందుకే నీ పేరొస్తాంది."

"గా చీటీ చింపుడెట్ల? జల్దీ జెప్పు."

"టూల్స్‌ల ఇంటర్నెట్ ఆప్షన్స్ తెరువు. ఆడ డిలీట్ కుకీస్ అని బటన్ ఉంటది..."

రూపాయి అయిపోయి లైను కట్టయింది. జేబులో ఇంకో బిళ్ల ఉంది కానీ, కావలసింది తెలిసిపోయాక ఇంకెందుకనుకున్నాడు. 'అది మాత్రం నొక్కకు, అందరి చీటీలూ పోతయి. సెట్టింగ్స్‌లకు పోయి నీ ఒక్కటి తీసెయ్యి' అన్నది మనీషా మాటల్లో మిగతా సగం. ఆ సగం సాయంత్రం ఇంటికి వెళ్లాక విన్నాడు.

మధ్యాహ్నం రాజారావు భోజనానికి లేవగానే సత్యానందం ఆ బటన్ నొక్కాడు. నిజంగానే తీసెయ్యాలా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. తీసెయ్యమన్నాడు. మళ్లీ ఆ సైట్ తెరిస్తే మీ పేరేమిటని అడిగింది. పీడా పోయిందనుకుని వెళ్లి హాయిగా అన్నం తిన్నాడు.

మూడు గంటలకు రాజారావు గదిలోంచి కేకలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీలో సగం సరుకు కొనే పెద్ద కంపెనీ తన ఆర్డర్లు సొంత వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఇన్నాళ్లూ తెరవగానే తెరుచుకున్న ఆ సైట్ ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోంది. ఆ పాస్‌వర్డ్ పెట్టింది పాత ఆపరేటర్ హర్షిత. ఆవిడ పెళ్లి చేసుకుని కాకినాడ వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే, "నాకు గుర్తులేదండి. గుర్తుపెట్టుకునే పని లేకుండా టిక్కు పెట్టాను కదా," అంది. కొత్త పాస్‌వర్డ్ కావాలంటే లెటర్‌హెడ్ మీద అర్జీ పంపాలని, ఎనిమిది రోజులు పడుతుందని ఆ కంపెనీవాళ్లు చెప్పారు. యార్డులో లారీలు ఖాళీగా నిలబడ్డాయి.

కంప్యూటర్ బాగుచేసే శ్రీనివాస్ వచ్చి చూశాడు. "వైరస్ గిట్ల ఏం లేదు సార్. ఎవరో కుకీలన్నీ తీసేసిన్రు. తెలిసినోళ్ల పనే."

తెలిసినవాడు ఎవడు? గది తాళంచెవి ఉండేది సిద్దిరాములు దగ్గర. ఇంకేం, దొంగ దొరికాడు.

"నాకు మౌస్ పట్టుకోనీకే రాదు సార్," అన్నాడు సిద్దిరాములు.

"రాదనేవాళ్లతోనే వచ్చింది నాకు తంటా. రేపట్నించి రావద్దు," అన్నాడు రాజారావు.

సిద్దిరాములు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వెళ్తూ సత్యానందం వైపు ఒకసారి చూశాడు. సత్యానందం ఏం చేశాడంటారా? ఏమీ చేయలేదు. మంగళవారమంతా తల వంచుకుని లారీల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. సిగ్గులేదా అంటే ఉంది, ఉద్యోగం కూడా ఉంది. బుధవారం పొద్దున సిద్దిరాములు కూర్చునే స్టూలు ఖాళీగా చూశాక ఇక తట్టుకోలేకపోయాడు.

"సార్, కుకీలు తీసింది నేను. సిద్దిరాములును మళ్ల పిలువుండ్రి."

రాజారావు నోరెళ్లబెట్టాడు. "నువ్వా? ఎందుకయ్యా?"

"గా సైట్ల నా పేరొస్తాందని... మీరు చూసిన్రని."

"చూశాను. ఆర్డర్లు ప్రింటు తీసేది నువ్వే కాబట్టి కంప్యూటర్‌కి నీ పేరు పెట్టారేమో అనుకున్నాను. అంటే, నువ్వు వేరే ఉద్యోగం వెతుకుతున్నావా?"

అంతవరకూ ఆయనకు తెలియనే తెలియదు. దాచడానికని తుడిచినదంతా సత్యానందమే స్వయంగా విప్పి చెప్పాడు.

సిద్దిరాములును ఆ రోజే పిలిపించారు. సత్యానందాన్ని ఆ రోజే పంపించారు. "వెతుక్కునేవాడివి ఇంట్లో కూర్చుని తీరిగ్గా వెతుక్కో," అన్నాడు రాజారావు.

మూడు వారాలు ఏ కంపెనీ నుంచీ జవాబు రాలేదు. ఈలోగా బావమరిది నిజామాబాద్ పంపులు నల్గొండకూ, నల్గొండ పంపులు నిజామాబాద్‌కూ పంపాడు. గతిలేక డిస్పాచ్ గుమాస్తా కావాలని రాజారావు అదే సైట్‌లో ప్రకటన ఇచ్చాడు. ఆ ఉద్యోగానికి అన్నివిధాలా సరిపోయే మనిషి ఒక్కడే ఉన్నాడంటూ సైట్ ఒక బయోడేటా పంపింది. కొత్త ఆపరేటర్ ఇంటర్వ్యూ కాగితం తయారుచేస్తే, రాజారావు పేరు చూడకుండా సంతకం పెట్టేశాడు.

ఆ కాగితం పట్టుకుని సత్యానందం అదే బస్సులో అదే గేటు దగ్గరికి వచ్చాడు. సిద్దిరాములు మంచినీళ్లిచ్చాడు కానీ ముఖం చూడలేదు. ఆ రెండు రోజుల మౌనం అతను ఇంకా మర్చిపోలేదు.

రాజారావు చాలాసేపు కాగితం వైపు చూశాడు. తర్వాత యార్డు వైపు చూశాడు. "తీసుకుంటాం. కానీ రూలు రూలే. పాత సర్వీసు లెక్కలోకి రాదు. ఆరు నెలలు ప్రొబేషన్. జీతం కొత్తవాళ్లకిచ్చేదే," అని దరఖాస్తు ఫారం ముందుకు తోశాడు.

పద్నాలుగేళ్లు. సత్యానందానికి ఫారం చించి మొహాన కొట్టాలనిపించింది. ఇంట్లో మనీషా, ఆమె తల్లీ గుర్తొచ్చి పెన్ను తీశాడు. పేరు రాశాడు. ఇంతకుముందు పనిచేసిన చోటు అన్న గడిలో ఆ కంపెనీ పేరే రాశాడు. అక్కడ ఎందుకు మానేశారు అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"మంచి ఉద్యోగం దొరికిందని రాయండి," అన్నాడు రాజారావు.